బుగ్గలలో దాచుకున్న ఊపిరి

నాదస్వర కచేరీలో అందరి చూపూ రాగం వాయించే విద్వాంసుని మీదనే వుంటుంది. పూర్వం ఆయన ప్రక్కనే మరొకడు కూర్చుని, వేళ్ళు ఆడించే రంధ్రాలు లేని ‘ఒత్తు’ను పట్టుకొని ఒకే శ్రుతిని ఎడతెగకుండా ఊదేవాడు. శరీరశాస్త్ర దృష్టితో చూస్తే మేళంలో కష్టమైన పని అతనిదేనని చెప్పవచ్చును. ఎంత లోతుగా పీల్చినా మనిషి ఒక్క ఊపిరిలో విడువగల గాలి సుమారు 4, 5 లీటర్లే గదా! మరి తెగని నాదం ఎక్కడినుండి వస్తున్నది?

రహస్యం బుగ్గలలో వున్నది. ఊపిరితిత్తులలోని గాలి అయిపోకముందే వాదకుడు నోటినిండా గాలి నింపుకొంటాడు. నాలుక వెనుకభాగం మెత్తని అంగిలిని తాకి, నోటిని గొంతునుండి వేరుచేస్తుంది. ఇక బుగ్గలు ఆ గాలిని పీకలోనికి నెట్టుతూ వుండగా, ముక్కు క్రొత్తగాలిని లోనికి తీసుకొంటుంది. బుగ్గ కండరానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘బక్సినేటర్’. లాటిన్ భాషలో ఆ మాటకు బాకా ఊదేవాడని అర్థం! మన జానపదుల ‘తిత్తి’లో బుగ్గలు చేసే ఈ పనిని మేకతోలు సంచి చేస్తుంది.

ఇది చాల ప్రాచీనమైన విద్య. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో మూడు గొట్టాల ‘లౌనెద్దాస్’ను నేటికీ ఇలాగే ఊదుతారు. అక్కడి ఇత్తిరిలో దొరికిన ప్రాచీన కంచుబొమ్మ ఒకటి అటువంటి వాద్యాన్నే ఊదుతూ కనిపిస్తుంది.

సంగీతజ్ఞులకే కాదు, కంసాలికీ ఇది తెలుసు. వంకనాళంతో దీపపు మంటను ఊది టంకం కరిగించేటప్పుడు మధ్యలో ఊపిరి తెగితే అతుకు చెడుతుంది. పనివాని ఈ సాధనమే 18వ శతాబ్దంలో స్వీడన్ దేశపు ఖనిజశాస్త్రజ్ఞుల చేతికి వచ్చింది. 1751లో నికెల్‌ను కనుగొన్న క్రాన్‌స్టెట్ దీనితో ఖనిజాలను పరీక్షించాడు. 1774లో మాంగనీసు లోహాన్ని వేరుచేసిన గాన్ ఇందులో దిట్ట. అతని వద్ద నేర్చిన బెర్జీలియస్ 1820లో దీనిపై ఒక గ్రంథమే ప్రకటించాడు.

వీరికి ఊపిరి అంత ముఖ్యం కావడానికి కారణం వున్నది. వెలిగారపు పూసకు మాంగనీసు ఆక్సీకరణ జ్వాలలో ఊదారంగు నిస్తుంది. క్షయకరణ జ్వాలలో ఆ రంగు పోతుంది. ఊదడం తడబడితే ఒక జ్వాల మరొకదానిలో కలిసి, పూస తప్పు సమాధానం చెబుతుంది. ఖనిజంలో ఏమున్నదో తేల్చేది ఒక విధంగా బుగ్గలే!

ఒత్తు స్థానాన్ని తరువాత శ్రుతిపెట్టె ఆక్రమించింది. కాని ఆ విద్యను తరగతిలో పరీక్షించడానికి ఒక గ్లాసు నీరు, ఒక సన్నని గొట్టం చాలు. నీటిలోనికి ఊదుతూ, బుడగలు ఆగకుండా ముక్కుతో పీల్చి చూడండి. మొదట బుడగలు ఆగిపోతాయి. నోటికి, ముక్కుకు వేరువేరు పనులు చెప్పడం అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుంది. తల తిరిగినట్లయితే వెంటనే ఆపవలెను.