ఉత్తర సర్కారుల కాసులు: ఒక సింహావలోకనం

విశాఖపట్నం చరిత్ర చెప్పేవారు చాలామంది ఓడరేవు దగ్గరో, ఉక్కు కర్మాగారం దగ్గరో మొదలుపెడతారు. కాసుల వెంట నడిచేవాడు మాత్రం ముందు తొట్లకొండ ఎక్కాలి. 1976లో నావికాదళం సర్వే జరిపినప్పుడు ఆ కొండమీద బౌద్ధారామం ఆనవాళ్లు బయటపడ్డాయి. తరువాత 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించగా శాతవాహనుల సీసపు నాణేలూ, రోమన్ల వెండి నాణేలూ ఒకే చోట దొరికాయి. సీసం ఇక్కడి సంతలో చెల్లింది, వెండి సముద్రం దాటి వచ్చింది. ఆ శాతవాహనుల్లోనే యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేయించాడు. పాత నాణేల సేకరణలో కొత్తవారు తబ్బిబ్బయ్యేది కూడా ఇక్కడే. వయసు పెరిగితే విలువ పెరుగుతుందని అందరూ అనుకుంటారు. కానీ సాదాసీదా శాతవాహన సీసపు కాసు దాదాపు రెండు వేల ఏళ్లు బతికి కూడా కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఓడ బొమ్మ స్పష్టంగా ఉన్నదానికి మాత్రం బేరం వేరు.

శాతవాహనుల తరువాత ఈ తీరం బంగారంవైపు తిరిగింది. వేంగీ చాళుక్యుల్లో మొదటి శక్తివర్మ, రాజరాజ నరేంద్రుడు వరాహ ముద్రతో వేయించిన పలుచని బంగారు నాణేలు మన పొలాల్లోనే కాక, బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున అరకాన్‌లోనూ, సయాం దేశంలోనూ దొరికాయి. తూర్పు గాంగులు గోరంత బంగారు ఫణాల మీద ఒకవైపు పడుకున్న నందిని, రెండోవైపు పాలనా సంవత్సరపు అంకెను వేశారు. సింహాచలం శాసనాల్లో దీపాలకూ నైవేద్యాలకూ దాతలు ఇచ్చిన గండమాడలనే బంగారు నాణేల లెక్క అడుగడుగునా కనిపిస్తుంది. అంత బంగారం ఏమైంది? కరిగింది. కొత్త రాజు వస్తే పాత మాడ కుంపటిలోకి పోయేది. మిగిలిన గుప్పెడు నాణేలు ఈనాడు అరుదైనవి కావడానికి వాటిని తక్కువగా ముద్రించడం కంటే ఎక్కువగా కరిగించడమే కారణం.

అసలు మలుపు రాగితో వచ్చింది. డచ్చివారు భీమునిపట్నంలో, ఇంగ్లీషువారు విశాఖలో కోఠీలు కట్టుకున్న చాలాకాలానికి, 1766లో నిజాంతో ఒప్పందం కుదిరి ఈ తీరపు ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. సంతలో చిల్లరకు మాత్రం కరువు. స్థానిక టంకశాలల్లో సమ్మెటతో కొట్టిన రాగి డబ్బులు ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండేవి కావు. షరాబు తూచి, బట్టా తీసుకుని మార్చేవాడు. ఆ చిక్కు తీర్చడానికి కంపెనీ బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ నడిపే సోహో టంకశాలకు పని అప్పగించింది. అక్కడ ఆవిరియంత్రాలతో నడిచే ముద్రణ ప్రెస్సుల కింద 1794 సంవత్సరపు ముద్రతో సర్కారు డబ్బులు తయారయ్యాయి. ఒకవైపు కంపెనీ మూటల గుర్తు, రెండోవైపు సింహాలతో కూడిన కంపెనీ చిహ్నం. రూపాయికి 48 అని, దానిలో సగానికి రూపాయికి 96 అని విలువను నాణెం మీదే చెక్కారు. మూడేళ్ల తరువాత, 1797లో, అదే టంకశాల బ్రిటన్ ప్రజల కోసం మొదటి రాగి పెన్నీని ముద్రించింది. బండిచక్రంలా బరువైన ఆ పెన్నీ కోసం ప్రపంచమంతటా సేకర్తలు ఎగబడతారు. ఆవిరియంత్రం కొట్టిన అధికారిక రాగి కాసు ఇంగ్లండు రైతు చేతికంటే ముందు మన రైతు చేతికి వచ్చిందన్న సంగతి వారిలో ఎంతమందికి తెలుసో!

ఆ సర్కారు డబ్బు ఈనాటికీ కనిపిస్తుంది, కానీ చాలావరకు అరిగిపోయి. మూటల గుర్తు గీతలు, అంచు మీది అక్షరాలు చెక్కుచెదరని నాణెం దొరకడం కష్టం. పనిచేసిన కాసు అరుగుతుంది, అరగనిది ఎక్కడో పెట్టెలో పడుకుని ఉండాలి. సముద్రం కూడా అలాంటి పెట్టే. 1809 జనవరిలో ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ మద్రాసుకని టన్నుల కొద్దీ రాగి కాసులు వేసుకుని బయలుదేరి, ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్‌విన్ ఇసుకమేటల్లో మునిగిపోయింది. 1980లలో గజ ఈతగాళ్లు పైకి తెచ్చిన ఆ పది కాసుల, ఇరవై కాసుల నాణేలు లక్షల్లో ఉన్నాయి. నూట డెబ్భై ఏళ్లకు పైగా నీటిలో ఉన్నా ముద్ర చెదరని కాసులు అందులో బోలెడు, అందుకే వాటి ధర నేలమీదే ఉండిపోయింది. మన రేవులకు క్షేమంగా చేరిన కాసులు సంతల్లో తిరిగి తిరిగి అరిగిపోయాయి.

ఈ కాసులను చదవడం నేర్పినవారిలో వాల్టర్ ఇలియట్ పేరు ముందు చెప్పాలి. ఉత్తర సర్కారుల కమిషనరుగా పనిచేస్తూ, అమరావతి శిల్పాలను తవ్వి తీయించిన మనిషి. 1880లలో వెలువడిన ఆయన దక్షిణ భారత నాణేల గ్రంథం ఇప్పటికీ పునాదిరాయే. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1890లో కంపెనీ నాణేల చరిత్ర రాశాడు. తరువాతి తరాల్లో మారేమండ రామారావు శాతవాహన నాణేలను వర్గీకరించారు. కోటిలింగాల నాణేలతో పి.వి. పరబ్రహ్మశాస్త్రి శాతవాహనుల ఆరంభాన్నే మళ్లీ చర్చకు పెట్టారు. వీరెవరికీ లోహం ధరతో పనిలేదు. ఏ ఊరి మట్టిలో, ఏ నాణేల సరసన దొరికిందన్నదే వారి ప్రశ్న.

రాణీగారి పాలనలో 1862 నుంచి విక్టోరియా బొమ్మ కాణీ ఊరూరా చేరింది. రూపాయికి 64 కాణీలు, 192 దమ్మిడీలు. 1906లో రాగి స్థానంలో కంచు వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన అంచుల వంకీల అణా మీద తెలుగు అక్షరాలూ ఉన్నాయి. 1911లో అయిదవ జార్జి వస్త్రం మీది ఏనుగు పందిలా కనిపిస్తోందని గగ్గోలు పుట్టగా బొమ్మ దిద్దారు, ఆ ‘పంది’ నాణేలకు నేటికీ గిరాకీ. రంగూన్ వలసపోయిన ఉత్తరాంధ్ర కూలీల మూటల్లో తిరిగొచ్చినవీ ఈ కాసులే, ఎందుకంటే బర్మాలోనూ అవే చెల్లేవి. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్‌డన్ విశాఖ రేవును లాంఛనంగా ప్రారంభించిన ఆ ఏడే, లండన్‌లో పెన్నీలు అవసరానికి మించి ఉన్నాయని కొత్తవి ముద్రించడం మానేశారు. భవనాల శంకుస్థాపనల కిందా, మ్యూజియాల్లోనూ పెట్టడానికి మాత్రం వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని వేశారు. పెన్నీలలో అత్యంత అరుదైనవాటిలో అదొకటి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడిన మరుసటి ఏడు, యుద్ధానికి లోహం ఆదా చేయడానికి చిల్లుకాణీ వచ్చింది. దాన్ని బోల్టుకు వాషరుగా వాడుకున్న మెకానిక్కులకు ఈనాటి సేకర్తలు ఒకవిధంగా రుణపడాలి.

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. నిజాం నాణెమైన హాలీ సిక్కా కూడా ఆ దశాబ్దంతోనే ముగిసింది. అంతకుముందే కేంద్రం చేతికి వచ్చిన హైదరాబాదు టంకశాల నాణేలకు ఇప్పుడు సంవత్సరం కింద నక్షత్రం ఉంటుంది. ముంబైది డైమండ్ గుర్తు, నోయిడాది గుండ్రటి చుక్క, కోల్‌కతాకు గుర్తే లేదు. ఆ చిన్న గుర్తు కోసమే సేకర్తలు భూతద్దం పట్టుకుంటారు. 1988లో స్టెయిన్‌లెస్ స్టీలు చిల్లర వచ్చినప్పుడు అది మన ఉక్కే అనుకున్నవారున్నారు. విశాఖ కర్మాగారం పోసేది కడ్డీలూ, వైర్ రాడ్లూ. నాణెం బిళ్లల పని సేలం కర్మాగారానిది.

ఇప్పుడు సేకర్తకు పెద్ద శత్రువు చింతపండు. తోమి మెరిపించిన రాగి కాసు మీద శతాబ్దాల పొర పోతుంది, దానితో ధరా పోతుంది. మన్యంలో రూపాయల దండలకు కొక్కేలు అతికినవాటిదీ, చిల్లు పొడిచినవాటిదీ అదే గతి, దండగా వాటి అందం వేరనుకోండి. ఇంకో బెడద, 1818 సంవత్సరం వేసిన రామపట్టాభిషేకం నకిలీ ‘అర్ధణా’లు. కంపెనీ దేశమంతటికీ అర్ధణా వేసింది 1835లో. బియ్యాన్ని లాగే నాణెమంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరుతో వాటినే లక్షలకు అంటగడుతున్నారు. పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లో ప్రకటించాల్సి వచ్చింది. పొలంలో దొరికిన పాత నిధి గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నా, చాలా కాసులు కంసాలి మూసలోకే పోతున్నాయి, ఊరి పేరూ వాటితోనే పోతోంది.

2023 ఆగస్టు 28న ఎన్.టి. రామారావు స్మారకంగా వంద రూపాయల నాణెం విడుదలైంది. సగం వెండి కలిపి హైదరాబాదులో ముద్రించిన ఆ నాణెం కోసం జనం పోటీపడ్డారు. కొన్నవారిలో చాలామంది పెట్టె విప్పకుండానే బీరువాలో భద్రం చేశారు. అది సంతల్లో తిరగడానికి వేసిన నాణెం కాదు. నూరేళ్ల తరువాత దాన్ని వెతికేవారికి, అడ్మిరల్ గార్డ్‌నర్ కాసుల మాదిరే, కొత్తవి కావలసినన్ని దొరుకుతాయి.