డబ్బా కనిపిస్తే అక్షరం బతికే ఉన్నట్టు

పోయిన వీడియోలో నా ఈమాక్స్ ఎడిటర్ చూసి చాలామంది అడిగారు, "అన్నా, ఫైల్ పేర్ల పక్కన ఆ నంబర్లున్న డబ్బాలేంటి?" అని. ఐకాన్ ఫాంట్ వేయలేదు, అంతే. కానీ ఆ డబ్బా వెనక మన తెలుగు కథ ఒకటుంది.

మాది జూలూరుపాడు. మా తాతయ్య ఊరి సంగతులు చెప్తుంటే బాబాయి రాసుకుని, 2003లో ఒక డీటీపీ సెంటర్‌లో టైప్ చేయించాడు. 40 పేజీలు. తాతయ్య పోయాక ఆ సీడీ తెరిస్తే ఏముంది? ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు. ఒక్క తెలుగు ముక్క లేదు.

కంప్యూటర్‌కి అక్షరమంటే ఒక నంబర్. దానికి బొమ్మ గీసేది ఫాంట్. అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల నంబర్లు తీసుకుని వాటి మీద తెలుగు బొమ్మలు అతికించాయి. తలకట్టు ఒకచోట, ఒత్తు ఇంకోచోట. ఒక్కో ఫాంట్‌ది ఒక్కో లెక్క. ఆ ఫాంట్ ఉంటే తెలుగు, లేదంటే చెత్త. అలాగని వాళ్లని తప్పుపట్టలేం, శుభలేఖల నుంచి పుస్తకాల దాకా వాటితోనే నడిచాయి.

నిజానికి 1991లోనే యూనికోడ్ మొదటి వెర్షన్ తెలుగుకి సొంత జాగా ఇచ్చింది: 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా, 128 గళ్లు. కానీ ఒత్తులు సరిగ్గా పేర్చి చూపించే సిస్టమ్ కూడా కావాలిగా? 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చింది. అయినా డీటీపీ సెంటర్లు పాత దారి వదల్లేదు.

యూనికోడ్‌లో ఒక ఫాంట్‌లో బొమ్మ లేకపోతే సిస్టమ్ ఇంకో ఫాంట్‌లో వెతుకుతుంది. అదే ఫాల్‌బ్యాక్. ఎక్కడా దొరక్కపోతే డబ్బా. దాన్ని టోఫు అంటారు, గూగుల్ వాళ్ల నోటో ఫాంట్ల పేరు "నో టోఫు" నుంచి వచ్చిందే. ఆదిలాబాద్ గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్ నంబర్లు వచ్చాయి. ఫాంట్ లేని ఫోన్‌లో అదీ డబ్బాలే. కానీ నంబర్ పదిలం.

మరి ఐకాన్లు? ఇ000 నుంచి ఎఫ్8ఎఫ్ఎఫ్ దాకా 6,400 గళ్లు ఎవరికీ కేటాయించలేదు. పోరంబోకు జాగా లాంటిది, ఎవరు గుడిసె వేసుకుంటే వాళ్లది. ఐకాన్ ఫాంట్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. అంటే మళ్లీ పాత డీటీపీ లెక్కే! ఫోల్డర్ బొమ్మకైతే పర్లేదు.

ఈమాక్స్‌లో సరిచేయాలంటే సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్ అని రెండు లైన్లు చాలు. తెలుగు గళ్లకి నోటో సాన్స్ తెలుగు, ఆ పోరంబోకు గళ్లకి సింబల్స్ నెర్డ్ ఫాంట్.

తాతయ్య ఫైల్‌కి అలా కుదర్లేదు. పాత ఫాంట్ ఏదో కనుక్కుని, యూనికోడ్‌లోకి మార్చి, చెదిరిన ఒత్తులు చేత్తో దిద్దుతున్నా. 26 పేజీలు అయ్యాయి. 17వ పేజీలో ఒక వాగు పేరు మాత్రం ఎటు చదివినా తేలట్లేదు. రాసుకున్న నోటుబుక్ ఎప్పుడో పోయింది, బాబాయికీ గుర్తులేదు.