మోటారు సైకిలు బ్రేకు ప్యాడ్లు

మోటారు సైకిలు బ్రేకు ప్యాడ్లు అనగా డిస్కు బ్రేకు గల ద్విచక్ర వాహనాలలో, తిరిగే డిస్కుకు ఇరువైపులా కాలిపర్‌లో అమర్చబడి ఉండే ఘర్షణ పలకలు. ఉక్కు పలకపై ఘర్షణ పదార్థమును అతికించి వీటిని తయారు చేస్తారు. లీవరు నొక్కినపుడు బ్రేకు ద్రవము పిస్టనును తోయగా, ప్యాడ్లు డిస్కును ఒత్తి చక్ర వేగాన్ని తగ్గిస్తాయి. అరిగిపోవడం వీటి స్వభావము. డ్రమ్ము బ్రేకులలోని షూలు వీటికి భిన్నమైనవి.

చరిత్ర

పెద్ద ఎత్తున తయారైన మోటారు సైకిళ్ళలో హైడ్రాలిక్ డిస్కు బ్రేకు 1969లో హోండా సీబీ750తో ప్రాచుర్యం పొందింది. భారతదేశంలో 125 సీసీ మించిన ద్విచక్ర వాహనాలకు ఏబీఎస్ ఉండాలన్న నిబంధన 2019 ఏప్రిల్ 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది.

నల్లరేగడి నేలలలో సమస్య

గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో పత్తి, మిరప పండే పొలాలు చాలావరకు నల్లరేగడి నేలలు. ఈ మట్టి తడిస్తే బంకవలె అంటుకొని, ఎండితే రాయివలె గట్టిపడుతుంది. వానకాలంలో డొంకదారిన తిరిగే బండి కాలిపర్‌లో ఇది పేరుకుపోతుంది.

అనేక బండ్లలో పిస్టను ఒకవైపే ఉంటుంది. కాలిపర్ రెండు స్లైడ్ పిన్నులపై అటూఇటూ జరుగుతూ రెండవ ప్యాడును డిస్కుకు ఒత్తుతుంది. పిన్నుల రబ్బరు తొడుగు చిరిగి మట్టి, నీరు చేరితే పిన్నులు బిగుసుకుపోతాయి. అప్పుడు సాధారణంగా పిస్టను వైపు ప్యాడు త్వరగా అరిగి, రెండవది దాదాపు కొత్తదిగానే మిగులుతుంది. చక్రం బరువుగా తిరగడం, డిస్కు వేడెక్కడం కూడా దీని లక్షణాలే. ఇట్టి బండికి ప్యాడ్లు మాత్రమే మార్చి పంపడం మరమ్మతు అనిపించుకోదు; కొత్తవి కూడా అదే విధంగా అరుగుతాయి.

మార్చు విధానం

ప్యాడుపై గల గాడి కనబడకుండా పోతే మార్చవలెను. బండిని గట్టి నేలపై సెంటర్ స్టాండు వేసి, కాలిపర్ బిగించి ఉండగానే ప్యాడు పిన్నును అలెన్ కీతో కొద్దిగా వదులు చేయవలెను. పిదప కాలిపర్ బోల్టులు విప్పవలెను. కాలిపర్‌ను గొట్టంపై వ్రేలాడనీయరాదు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును కనుక ధూళిని ఊదక తడిగుడ్డతో తుడవవలెను. పిస్టనును శుభ్రపరచిన తరువాతనే నెమ్మదిగా లోనికి నెట్టవలెను. అప్పుడు పైడబ్బాలో ద్రవమట్టం పెరుగుతుంది. పొంగి రంగుపై పడితే రంగు పాడగును, వెంటనే నీటితో కడగాలి.

కందెన

స్లైడ్ పిన్నులను పాత గ్రీజు పోయేలా తుడిచి, సిలికాన్ గ్రీజు పలుచగా పూయవలెను. ఇంటిలో ట్రాక్టరు కొరకు ఉంచిన గ్రీజు గాని, ఇంజను ఆయిలు గాని వాడరాదు. వాటివలన రబ్బరు ఉబ్బి, పిన్ను మరల బిగుసుకొంటుంది. చిరిగిన తొడుగును మార్చవలెను. ప్యాడు ఘర్షణ ముఖానికి, డిస్కుకు కందెన ఏమాత్రమూ తగలరాదు. నూనె పీల్చిన ప్యాడును పారవేయవలసినదే.

బండి కదిలించుటకు ముందు

పిస్టను వెనుకకు పోయినందున మొదట లీవరు నొక్కితే బ్రేకు పడదు. గట్టిపడేవరకు పలుమార్లు నొక్కిన తరువాతనే బండిని కదిలించవలెను. ప్రాణాపాయం కలిగించే మరపు ఇదే. లీవరు మెత్తగానే ఉన్నా, ద్రవం కారుతున్నా మెకానిక్కుకు చూపించవలెను. కొత్త ప్యాడ్లు డిస్కుపై కుదురుకొనేవరకు పట్టు తక్కువగా ఉంటుంది. అందువలన రద్దీలేని దారిలో, మధ్యస్థ వేగంలో పలుమార్లు మెల్లగా బ్రేకు వేసి చూచిన పిమ్మటనే జాతీయ రహదారి ఎక్కవలెను.