మెట్ల కింద ఆగిపోయిన అక్కల కోసం

మా సంఘాల్లో నడవలేని అక్కలున్నారు, చూపులేని చెల్లెళ్ళున్నారు. పొదుపు టైముకి కడతారు. మీటింగు మాత్రం మేడ మీద పెట్టి, పుస్తకం కిందికి పంపి సంతకం పెట్టించేవాళ్ళం. ఆ తప్పు మాదే.

1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. ర్యాంపుల వంటివి ప్రభుత్వ ఆర్థిక స్తోమతను బట్టి కట్టాలంది. 2005లో చూపులేని రాజీవ్ రాటూరి గారు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. రోడ్లు, బస్సులు, ఆఫీసులు తమలాంటి వాళ్ళకీ అందుబాటులో ఉండాలని అడిగారు. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 2017లో కోర్టు ఆదేశాలిచ్చినా పనులు సరిగా సాగలేదు. అప్పుడు కోర్టు, మన సైనిక్‌పురికి దగ్గర్లోనే శామీర్‌పేటలో ఉన్న నల్సార్ లా యూనివర్సిటీని పరిస్థితి చూసి రిపోర్టు ఇమ్మంది. 2024 నవంబరు 8న తీర్పు వచ్చింది. ఈ సౌకర్యాలు ఉత్త సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలు పెట్టాలి, అదీ మూడు నెలల్లో అని కేంద్రానికి చెప్పింది.

అంటే ర్యాంపు ఎవరి దయా కాదు, హక్కు. ఆఫీసుల్ని అడిగే ముందు మనం మారదాం. మీటింగులు కిందనే పెడదాం. తీర్మానాలు పైకి చదువుదాం, వినపడని వాళ్ళకి రాసి చూపిద్దాం.