ఇంటిపేరు, తండ్రి ఇల్లు

ఇప్పుడు ఒడిశాలో ఉన్న నారాయణపట్న 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. ఒడిశా వేరుపడ్డాక ఈ కొండల మధ్య రాష్ట్ర సరిహద్దు వచ్చింది. అటు కువి భాష మాట్లాడే కోదు గిరిజనుల్లో హికాక, సికాక, కడ్రక వంటి వంశనామాలున్నాయి. ఇటు ఆంధ్రలో కురుపాం, పార్వతీపురం వైపు జాతాపు గిరిజనుల్లో నిమ్మక, బిడ్డిక, తోయక ఉన్నాయి. అన్నిటి చివరా ‘క’ ఉంది. జాతాపుల్లో చాలామంది ఇళ్లలో ఇప్పుడు తెలుగే వినిపిస్తుంది. మాట మారింది గాని ఇంటిపేరు మారలేదు.

1880లలో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు సాలూరు, కోరాపుట్‌లకు వచ్చారు. బైబిలు వెంట హీబ్రూ పేర్లూ కొండెక్కాయి. వాటిలో చాలావరకు చిన్న చిన్న వాక్యాలే. ‘ఏల్’ అంటే దేవుడు. దానియేలు అంటే ‘దేవుడే నా న్యాయాధిపతి’. యోహానులోని ‘యో’ యెహోవాకు పొట్టిరూపం. ‘యెహోవా కటాక్షించాడు’ అని ఆ పేరుకు అర్థం. మరికొన్ని మందలోనూ అడవిలోనూ పుట్టినవి: రాహేలు గొర్రె, దెబోరా తేనెటీగ, యోనా పావురం. ఈ జంతునామాలను ఆధారం చేసుకుని పండితుడు రాబర్ట్‌సన్ స్మిత్ 1880లో ప్రాచీన ఇశ్రాయేలులో టోటెం వంశాలు, అంటే ఒక జంతువును తమ చిహ్నంగా భావించే వంశాలు, ఉండేవని వాదించాడు. తర్వాత 1896లో బుకానన్ గ్రే, 1928లో మార్టిన్ నోత్ రాసిన గ్రంథాలు పేర్ల నిర్మాణాన్ని లోతుగా పరిశీలించాయి.

ప్రాచీన హీబ్రూలు మనిషిని ఫలానావారి కొడుకుగా చెప్పేవారు. ఆ పైన ‘బేత్ ఆబ్’, అంటే తండ్రి ఇల్లు. దానికీ పైన ‘మిష్పహా’, అంటే వంశం. మన ‘ఇంటిపేరు’ అనే మాటలోనూ ఇల్లే ఉంది. బైబిల్లోని సంఖ్యాకాండంలో సెలోపెహాదుకు కొడుకులు లేరు, అయిదుగురు కూతుళ్లు. కొడుకు లేనంతమాత్రాన తండ్రి పేరు వంశంలో లేకుండా పోవాలా అని వారు మోషేను అడిగి, భూమిలో వాటా సాధించారు. వారిలో నోయా, హొగ్లా పేర్లు 1910లో సమరయ తవ్వకాల్లో బయటపడిన కుండపెంకుల మీద కనిపించాయి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దంలో ద్రాక్షారసానికీ నూనెకూ రాసిన లెక్కలు. కథలోని ఆడపడుచుల పేర్లు ఆ లెక్కల్లో ప్రాంతాల పేర్లు.

పెళ్లి దగ్గర మాత్రం దారులు చీలాయి. ఆ కూతుళ్లు భూమి చేయి దాటకుండా తండ్రి అన్నదమ్ముల కొడుకులనే పెళ్లాడారు. కోదుల్లో, జాతాపుల్లో ఒకే వంశంవారు అన్నాచెల్లెళ్లు. వారికి పెళ్లి కుదరదు. అక్కడ వంశం పేరు భూమిని నిలిపింది, ఇక్కడ వావిని నిలుపుతోంది.

1979లో కువి భాషా వ్యాకరణం ప్రచురించిన భాషావేత్త పేరు ఎం. ఇజ్రాయేల్. హీబ్రూ పేరున్న పండితుడు కొండ మాటను గ్రంథానికెక్కించాడు. పెట్టుకున్న పేరు ఎంత దూరం నుంచైనా రావచ్చు. సంబంధం మాట్లాడే రోజున ఈ కొండల్లో ముందుగా అడిగేది మాత్రం ఇంటిపేరే.