పునరావృత్తి పాఠము: మగ్గము నుండి షెల్ వరకు

ఒక ఉపాధ్యాయుని బల్లమీద 40 జవాబు పత్రములు ఉన్నవనుకొందము. పై పత్రమును తీయుట, దిద్దుట, మార్కులు వేయుట, ప్రక్కన పెట్టుట అని పనులు నాలుగు. వీనిని పత్రము పత్రమునకు విడివిడిగా వ్రాసినచో 160 ఆజ్ఞలగును. ‘కట్టలో పత్రములు ఉన్నంతవరకు ఇట్లు చేయుము’ అని ఒక్క మాట చేర్చినచో నాలుగు ఆజ్ఞలే చాలును. కట్టలో 400 పత్రములున్నను ఆజ్ఞలు పెరుగవు. కంప్యూటరు శాస్త్రములో ఈ ఉపాయమునకు లూపు అని పేరు. లూపు అనగా వలయము. తెలుగులో దీనిని ఆవర్తము అనవచ్చును.

షెల్ స్క్రిప్టులు వ్రాయ నేర్చుకొను విద్యార్థి తరచుగా తడబడునది ఇచ్చటనే. అందుకు అతడు సిగ్గుపడనక్కరలేదు. పనిని మరల చేయించుట సులభము, ఎప్పుడు ఆపవలెనో చెప్పుట కష్టము అను సంగతిని యంత్రములను నిర్మించినవారు సైతము క్రమక్రమముగా తెలిసికొనిరి.

అట్టల వరుస

ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున 1804 ప్రాంతమున జోసెఫ్ మారీ జాకార్డు ఒక మగ్గపు సాధనమును రూపొందించెను. ఆయన పేరు మన చేనేతవారికిని సుపరిచితమే. రంధ్రములు గల అట్టలను వరుసగా కుట్టి ఈ సాధనమునకు తగిలింతురు. ఒక్కొక్క పేక వేయునప్పుడు ఏ పడుగు పోగులు పైకి లేవవలెనో ఒక్కొక్క అట్ట నిర్ణయించును. చివరి అట్టను మొదటి అట్టతో కలిపి కుట్టినచో అదే పువ్వు చీర పొడవునా మరల మరల వచ్చును. ఇదియు ఆవర్తమే. కాని పువ్వులు ఎన్ని చాలునో అట్టలకు తెలియదు. అది నేతగాడు చూచుకొనవలసినదే.

ఇంగ్లాండులో చార్లెస్ బాబేజి ఈ అట్టలను తన ‘ఎనలిటికల్ ఇంజను’ అను గణనయంత్రమునకు వాడదలచెను. అవసరమైనచోట అట్టల వరుసను యంత్రమే వెనుకకు త్రిప్పుకొనవలెనని ఆయన సంకల్పము. ఇటలీ దేశీయుడగు మెనాబ్రియా ఈ యంత్రమును గూర్చి 1842 లో ఫ్రెంచిభాషలో ఒక వ్యాసము వ్రాసెను. అడా లవ్‌లేస్ దానిని ఇంగ్లీషులోనికి మార్చి, మూలముకంటె పెద్దవైన వ్యాఖ్యలను చేర్చి 1843 లో ప్రకటించెను. మరల మరల చేయవలసిన క్రియల సమూహమును ఆమె ‘సైకిల్’, అనగా చక్రము, అని వ్యవహరించెను. బెర్నూలీ సంఖ్యలను కనుగొను పట్టికలో 13వ క్రియ మొదలు 23వ క్రియ వరకు తిరిగి చేయవలెనని చూపెను. అయితే ఆ యంత్రము పూర్తిగా నిర్మింపబడనే లేదు.

కాగితపు వలయము

సుమారు 100 ఏండ్లు గడచిన పిమ్మట, 1944 లో, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున హోవర్డ్ ఐకెన్ తలపెట్టిన ‘మార్క్ 1’ యంత్రము పనిచేయసాగెను. దాని ఆజ్ఞలు రంధ్రములు గల కాగితపు పట్టీపై ఉండెడివి. పట్టీ రెండు కొనలను అతికించి వలయముగా చేసినచో యంత్రము అవే ఆజ్ఞలను మరల మరల చదివెడిది. ఆవర్తము ఇచ్చట కంటికి కనబడు కాగితపు వలయమే. కాని లెక్క ఫలితమును బట్టి వేరొక ఆజ్ఞకు పోవు శక్తి ఆ యంత్రమునకు మొదట లేకుండెను.

ఆజ్ఞలను కాగితముపై గాక యంత్రపు జ్ఞాపకములోనే నిలుపుటతో ఈ చిక్కు తీరెను. 1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్ బృందము నిర్మించిన ‘ఎడ్‌సాక్’ యంత్రము వర్గముల పట్టికను అచ్చువేసెను. ఫలితము ఋణసంఖ్యయా కాదా అని పరీక్షించి, దానిని బట్టి వెనుకటి ఆజ్ఞకు మరలుట దానికి సాధ్యమయ్యెను. ఆపు బాధ్యత ఇట్లు మనుష్యుని చేతినుండి యంత్రమునకు సంక్రమించెను. పిమ్మట 1957 లో వెలువడిన ఫోర్ట్రాన్ భాషలో ‘డూ’ అనియు, ఆల్గాల్ 60 భాషలో ‘ఫర్’ అనియు ఆవర్తమునకు ప్రత్యేక వాక్యములు ఏర్పడెను.

షెల్‌లో ఆవర్తము

1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ వ్యవస్థను ఆరంభించిరి. మనుష్యుడు టైపుచేసిన ఆజ్ఞను చదివి, దానికి తగిన ప్రోగ్రామును నడిపించు మధ్యవర్తికి షెల్ అని పేరు. ఆజ్ఞలను ఒక ఫైలులో వ్రాసి షెల్‌కు ఇచ్చినచో అది స్క్రిప్టు అగును.

థాంప్సన్ 1971 లో వ్రాసిన షెల్‌లో ఆవర్తమునకు వాక్యమే లేదు. ‘ఇఫ్’, ‘గోటూ’ అనునవి షెల్‌లోని భాగములు కావు. వేర్వేరు చిన్న ప్రోగ్రాములు. షెల్ స్క్రిప్టును పంక్తి పంక్తిగా చదువుచుండును. నడుమ గోటూ వచ్చి, అదే ఫైలును మొదటినుండి వెదకి, కోరిన గుర్తు గల పంక్తి కడ చదువు స్థానమును నిలిపి వెడలిపోవును. ఒకరు చదువుచున్న పుస్తకములోని గుర్తు కాగితమును వేరొకరు వెనుకటి పుటలోనికి మార్చినట్లే ఇది. షెల్ తిరిగి చదువ మొదలిడగనే పాత పంక్తులే ఎదురగును. ఈ ఉపాయము ఫైలులోని స్క్రిప్టునకే పనికివచ్చెను. నేరుగా టైపుచేయు ఆజ్ఞలలో వెనుకకు పోవుటకు వీలులేదు.

పైగా ఎచ్చటినుండి ఎచ్చటికైనను గెంతు గోటూ వలన ప్రోగ్రాములు చిక్కుపడుచున్నవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా 1968 లోనే హెచ్చరించియుండెను. 1970 దశకము నడుమ జాన్ మాషీ తన షెల్‌లో ‘వైల్’ వాక్యమును చేర్చెను. 1979 లో యూనిక్స్ 7వ కూర్పుతో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ వెలువడెను. నేటి షెల్‌లలో పెక్కింటికి ఇదియే ఒరవడి. బోర్న్ అంతకుముందు కేంబ్రిడ్జిలో ఆల్గాల్ 68 భాషపై పనిచేసినవాడు. ఆ భాషలో వాక్యము ముగింపునకు మొదటి మాటను తిరుగవ్రాయుదురు: ‘ఇఫ్’ కు ‘ఫై’, ‘డూ’ కు ‘ఓడీ’. కాని యూనిక్స్‌లో ఓడీ అను పేరుతో, ఫైలును అష్టాంశ సంఖ్యలలో చూపు ఆజ్ఞ అప్పటికే ఉండెను. అందుచేత ఆయన ‘డన్’ అను మాటను గ్రహించెను. డూ తో మొదలై డన్ తో ముగియుట చూచి ఆశ్చర్యపడు విద్యార్థికి కారణమిది.

ఆపుట ఎట్లు?

బోర్న్ షెల్‌లో ఆవర్తములు ముఖ్యముగా రెండు విధములు. ‘ఫర్’ జాబితాతో నడచును. ఫర్ తరువాత ఒక పేరు, ‘ఇన్’ తరువాత ఒక జాబితా, డూ–డన్ నడుమ పని వ్రాయుదురు. జాబితాలోని ఒక్కొక్క అంశము ఆ పేరునకు విలువగా వచ్చును. జాబితా ముగియగనే పని ముగియును. ఉపాధ్యాయుని కట్ట ఇట్టిదే.

‘వైల్’ నియమముతో నడచును. ఇచ్చట షెల్ ఒక ఆజ్ఞను నడిపి, అది సఫలమైనంతవరకు లోపలి పనిని మరల చేయును. ప్రతి ప్రోగ్రాము ముగియునప్పుడు ఒక సంఖ్యను తెలుపును. సున్న వచ్చిన జయము, మరేది వచ్చినను అపజయము. ఇది తలక్రిందులుగా తోచవచ్చును. కాని జయమునకు ఒక్క సంఖ్య చాలును. అపజయమునకు కారణములు పెక్కు గావున వానిని వేర్వేరు సంఖ్యలు సూచింపగలవు.

వైల్ వ్రాయువాడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఎచ్చట మొదలు? చుట్టు చుట్టునకు మారునది ఏది? ఆ మార్పు ఎప్పుడు నియమమును భంగపరచును? రెండవ ప్రశ్నకు జవాబు లేనిచో ఆవర్తమునకు అంతముండదు. అట్టి దానిని సాధారణముగా కంట్రోల్, సి మీటలు కలిపి నొక్కి ఆపవచ్చును. ఫైళ్ల విషయమున మరియొక జాగ్రత్త కలదు. తొలినాటి యూనిక్స్‌లో ఫైలు పేరు 14 అక్షరములకు మించరాదు. నేటి పొడవైన పేర్లలో ఖాళీలును ఉండును. విలువను జంట ఉల్లేఖన చిహ్నముల నడుమ ఉంచనిచో షెల్ అట్టి పేరును రెండు పేర్లుగా విడదీయును. ఫైళ్లను తుడిచివేయు ఆవర్తములో ఈ పొరపాటు వలన వేరొక ఫైలు నశింపవచ్చును. కావున మొదట పేర్లను చూపుటకు మాత్రమే ఆవర్తమును నడిపి, జాబితా సరియైనదని తెలిసిన పిమ్మటనే తుడుపు ఆజ్ఞను ఉంచుట మేలు.

నేతగాడు కంటితో చూచి చేసిన నిర్ణయమునే నేటి విద్యార్థి ముందుగా మాటలలో వ్రాసి యంత్రమునకు అప్పగించుచున్నాడు. యంత్రము అలసట లేక తిరుగును. నిలుపవలసిన చోటును చెప్పుట మాత్రము వ్రాసినవాని బాధ్యతయే.