పదార్థాల వికృతిని కెమెరాతో కొలిచే ‘డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్’

వంతెన దూలమైనా, విమానం రెక్క అయినా, రాకెట్ ఇంధన ట్యాంకు అయినా భారం పడినప్పుడు కొంత సాగుతుంది, వంగుతుంది లేదా కుదించుకుపోతుంది. ఈ మార్పు చాలా సందర్భాల్లో కంటికి ఆనదు. అది ఎక్కడ, ఎంత మేరకు జరుగుతోందో ముందుగా తెలిస్తేనే నిర్మాణం ఏ చోట విఫలమవుతుందో ఇంజినీర్లు అంచనా వేయగలరు. వస్తువును తాకకుండా, దాని ఉపరితలాన్ని వరుసగా ఫొటోలు తీసి ఈ మార్పును లెక్కించే విధానమే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. దీనినే సంక్షిప్తంగా డీఐసీ అంటారు.

పాత పద్ధతికి ఉన్న పరిమితి

పొడవులో వచ్చిన మార్పును అసలు పొడవుతో భాగిస్తే వచ్చేది వికృతి. సాధారణ నిర్మాణ ఉక్కు శాశ్వతంగా సాగిపోవడం మొదలుపెట్టే స్థితికి చేరేసరికి మీటరు కడ్డీ దాదాపు 1.25 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఇంత స్వల్ప మార్పును కొలవడానికి 1930ల చివరి నుంచి స్ట్రెయిన్ గేజ్‌లను వాడుతున్నారు. ఉపరితలంపై అతికించిన సన్నని లోహపు తీగ వస్తువుతోపాటు సాగినప్పుడు దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును బట్టి వికృతిని లెక్కగడతారు.

స్ట్రెయిన్ గేజ్ కచ్చితమైనదే. అయితే అది అతికించిన చోటి సంగతినే చెబుతుంది. పగులు పక్కనే మొదలైతే దాని జాడ అందులో నమోదు కాకపోవచ్చు. ఉపరితలం మొత్తాన్ని ఒకేసారి గమనించాలన్న అవసరం నుంచే డీఐసీ పుట్టింది. 1980ల ఆరంభంలో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు పీటర్స్, రాన్సన్, సట్టన్ తదితరులు దీనికి పునాది వేశారు.

ఎలా పనిచేస్తుంది?

ముందుగా వస్తువు ఉపరితలానికి తెల్ల రంగు పూసి, దానిపై నల్లని చుక్కలను క్రమం లేకుండా చిలకరిస్తారు. చుక్కలు వరుసగా, ఒకే తీరులో ఉంటే ఒక ప్రాంతాన్ని మరొక ప్రాంతంగా కంప్యూటర్ పొరబడుతుంది. అందుకే క్రమరాహిత్యం తప్పనిసరి. ఫొటోలో ఒక్కో చుక్క సుమారు 3 నుంచి 5 పిక్సెళ్ల వెడల్పు ఉండటం మేలు.

భారం వేయక ముందు తీసిన ఫొటోను ఆధారంగా ఉంచుకొని, దానిని చిన్న చిన్న చతురస్రాలుగా విభజిస్తారు. ఉదాహరణకు 31 పిక్సెళ్ల భుజం గల చతురస్రంలో 961 పిక్సెళ్లు ఉంటాయి. వాటి నలుపు తెలుపుల గాఢతలే ఆ చతురస్రానికి వేలిముద్ర వంటివి. భారం వేసిన తర్వాత తీసిన ఫొటోలో అదే వేలిముద్ర ఎక్కడికి జరిగిందో, ఎంత సాగిందో, ఎంత తిరిగిందో సాఫ్ట్‌వేర్ వెదుకుతుంది. ఇలా వేల బిందువుల స్థానభ్రంశాలను లెక్కించి, వాటి మధ్య తేడాల నుంచి వికృతి పటాన్ని రూపొందిస్తుంది.

పిక్సెళ్ల మధ్య గాఢత ఎలా మారుతుందో గణితపరంగా అంచనా వేయడం వల్ల, అనుకూల పరిస్థితుల్లో పిక్సెల్‌లో నూరో వంతు కదలికను సైతం పసిగట్టవచ్చు. 100 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్రాంతం ఫొటోలో 2,000 పిక్సెళ్లుగా కనిపిస్తే, ఒక పిక్సెల్ విలువ 50 మైక్రాన్లు. అందులో నూరో వంతు అర మైక్రాన్. మనిషి వెంట్రుక మందం దీనికి వంద రెట్లకు పైనే ఉంటుంది.

అంతరిక్ష రంగంలో వినియోగం

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచును ఛేదించడమే ఇందుకు మూలకారణమని దర్యాప్తులో తేలింది. అనంతరం వ్యోమనౌకలను తిరిగి ఎగురవేసేందుకు నాసా జరిపిన అభిఘాత పరీక్షల్లో, అతివేగ కెమెరాలతో డీఐసీని వినియోగించారు. నురుగు తాకిన క్షణంలో రెక్క అంచు పదార్థం ఎలా వంగుతుందో దీనివల్ల తెలిసింది.

2011 మార్చిలో అలబామాలోని మార్షల్ అంతరిక్ష కేంద్రంలో మరో పరీక్ష జరిగింది. సుమారు 8.4 మీటర్ల వ్యాసం, 6 మీటర్ల ఎత్తు గల అల్యూమినియం-లిథియం స్థూపానికి నలుపు తెలుపు చుక్కలు వేసి, దాదాపు పది లక్షల పౌండ్ల బలంతో నలిగిపోయేదాకా నొక్కారు. రాకెట్ల పలుచని గోడలకు దశాబ్దాల నాటి భద్రతా ప్రమాణాలు అవసరానికి మించిన బరువును జోడిస్తున్నాయా అన్నది తేల్చడమే దీని ఉద్దేశం.

పొరపాటు ఎక్కడ దొర్లుతుంది?

ఒకే కెమెరాతో కొలిచేటప్పుడు వస్తువు కెమెరా వైపు జరిగితే ఫొటోలో పెద్దదిగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ దానిని సాగడంగా భావిస్తుంది. మీటరు దూరంలోని వస్తువు ఒక్క మిల్లీమీటరు ముందుకు వచ్చినా 0.1 శాతం వికృతి ఉన్నట్లు తప్పుగా నమోదవుతుంది. పైన చెప్పిన ఉక్కు తట్టుకునే 0.125 శాతం హద్దుకు ఇది చాలా దగ్గర. అంటే క్షేమంగా ఉన్న భాగం ప్రమాదంలో ఉన్నట్లు, ప్రమాదంలో ఉన్నది క్షేమంగా ఉన్నట్లు ఫలితాలు రావచ్చు. రెండు కెమెరాలను వేర్వేరు కోణాల్లో అమర్చి త్రిమితీయంగా కొలిస్తే ఈ దోషం తొలగుతుంది.

వెలుతురులో హెచ్చుతగ్గులు, కెమెరా స్టాండు కంపనం, వేడి గాలి చలనం, ఊడిపోయే రంగు కూడా ఫలితాన్ని చెడగొడతాయి. అందుకే భారం వేయక ముందే, కదలని వస్తువును పలుమార్లు ఫొటో తీసి విశ్లేషిస్తారు. అప్పుడు కనిపించే ‘వికృతి’ అంతా కొలతలోని దోషమే. అంతకంటే చిన్న ఫలితాన్ని నమ్మరాదు.

డీఐసీ చూపేది ఉపరితలాన్ని మాత్రమే. లోపలి మార్పుల కోసం ఎక్స్‌రే సీటీ చిత్రాలను ఇదే సూత్రంతో పోల్చే పద్ధతి ఉంది. అతి స్వల్ప వికృతుల విషయంలో స్ట్రెయిన్ గేజ్‌దే నేటికీ పైచేయి. కాబట్టి కీలక పరీక్షల్లో రెండింటినీ కలిపి వాడి, ఒకదాని ఫలితాన్ని మరొకదానితో సరిచూసుకుంటారు.